నాన్నగారి క్యాసెట్లు, నీ ఫోను: ఏ పాట నిలుస్తుంది?

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా నాన్న 1980లలో విశాఖపట్నంలో చదువుకునే రోజుల నుంచి ఇంగ్లీషు రాక్ పాటలు వింటారు. "మా పాటలు యాభై ఏళ్లయినా బతికే ఉన్నాయి, మీవి ఆరు నెలలు కూడా ఉండవు" అంటారు. ఇది నిజమేనా? ఇంకొక మాట. మా నలుగురి బ్యాండుకు బరంపురంలో ఒక కళాశాల ఉత్సవంలో అరగంట సమయం ఇచ్చారు. పాతవి వాయించాలా, కొత్తవా? మాస్టారూ, మీరు చెబితే వింటాం.

సమాధానం:

తమ్ముడూ,

మీ నాన్నగారి మాటలో సగం నిజం. మిగిలిన సగం ఆయన కాలేజీ రోజుల మీద ప్రేమ. ఆ రెండింటినీ విడదీయడానికి కాస్త పెద్ద సమాధానమే రాయాలి, ఓపిక పట్టు.

నేను బరంపురంలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాను. ఆ తరువాత క్యాసెట్లలో పాటలు ఎక్కించే దుకాణం నడిపాను. ఇప్పుడు పిల్లలకు గిటారు నేర్పుతున్నాను. పాటను వేదిక ముందు నిలబడి అడిగేవాళ్లను, డబ్బిచ్చి కొనేవాళ్లను, వేళ్లు కాయలు కట్టించుకుని నేర్చుకునేవాళ్లను, ముగ్గురినీ చూశాను. ఇంత చూశాక నాకు కుదిరిన నమ్మకం ఒకటి ఉంది. పాట ఏ ఏడు పుట్టింది, ఏ జాతిది అన్న దానిని బట్టి దాని ఆయుష్షు తేలదు. కట్టినవాడి చేతిలోంచి ఎవడో ముక్కూమొహం తెలియనివాడి చేతిలోకి వెళ్లి, అక్కడ కూడా పాటగానే ఉండగలిగితే అది నిలుస్తుంది. రాక్‌కు ఈ గుణం కాస్త ఎక్కువగా అబ్బింది. ఎందుకు అబ్బిందో తరువాత చెబుతాను. ముందు మీ నాన్నగారి లెక్కలో ఎక్కడ తేడా ఉందో చూద్దాం.

1969 సంగతి తీసుకో. రాక్ అభిమానులు ఆ ఏడాది పేరెత్తితే కళ్లు మూసుకుని తలలు ఊపుతారు. అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవం జరిగిందీ, బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్ 'అబ్బే రోడ్' ఆల్బం వచ్చిందీ ఆ ఏడే. మరి అదే ఏడాది మొత్తానికి అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక లెక్కలో మొదటి స్థానం ఏ పాటకు దక్కింది? 'షుగర్ షుగర్' అనే పాటకు. పాడిన బృందం పేరు ది ఆర్చీస్. అది బొమ్మల కథలోని బృందం! మనుషులే లేరు. స్టూడియోలో కూలికి పాడిన గాయకులు పాడారు, తెర మీద కార్టూను బొమ్మలు పెదవులు కదిపాయి. రెండేళ్లు వెనక్కి వెళితే, 1967లో బీటిల్స్ 'పెన్నీ లేన్', 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' ఒకే రికార్డుకు రెండు వైపులా వేసి వదిలారు. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి చేరలేదు. అడ్డుపడింది ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ అనే గాయకుడి మెత్తటి ప్రేమపాట. ఆ రోజుల్లో బజారులో ఇలాంటి మెత్తటి పాటలే గుట్టలుగా ఉండేవి. మీ నాన్నగారి చేతికి వచ్చేసరికి కాలం చేటలో వేసి చెరిగేసింది, గింజలు మాత్రం మిగిలాయి. నీ ఫోనులోకి వచ్చేది నిన్న సాయంత్రం కోసిన పంట, ఊకతో సహా. చెరిగిన బియ్యాన్ని చెరగని వడ్లతో పోల్చి ఏది మేలు అంటే ఏమి చెప్పాలి?

ఇంకొక చిత్రం చూడు. ఇప్పుడు స్పాటిఫైలో బీటిల్స్ పాటలన్నిటిలోకీ ఎక్కువమంది వినేది 'హియర్ కమ్స్ ద సన్'. 2023లో అది వంద కోట్ల సార్లు దాటింది, వాళ్ల పాటల్లో ఆ గీత దాటిన మొదటిది అదే. 1969లో బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ దాన్ని విడి రికార్డుగా వెయ్యనే లేదు. ఆ బృందంలోని జార్జ్ హ్యారిసన్ రాసినది, ఆల్బంలో ఒక పాటగా ఉండిపోయింది. లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం పాట 'స్టెయిర్‌వే టు హెవెన్' కూడా అమెరికాలో అప్పట్లో సింగిల్‌గా అమ్మకానికి రాలేదు. ఏది నిలుస్తుందో ఆనాటి కంపెనీలకే తెలియలేదు. ఈ వారం ట్రెండింగ్ జాబితా చూసి నీ తరం పాటల జాతకం చెప్పడం ఎవరి వల్లా కాదు, మీ నాన్నగారి వల్ల కూడా.

'జనం ఇప్పుడు పాత పాటలే వింటున్నారు, అమెరికాలో డెబ్బై శాతం పాతవే' అన్న వార్త ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంట్లో చర్చకు వచ్చే ఉంటుంది. 2021 లెక్కల్లో అది సుమారుగా నిజమే. అయితే ఆ లెక్కలో పాతది అంటే ఏమిటో ఎవరూ అడగరు. విడుదలై 18 నెలలు దాటితే చాలు, ఆ పాట పాత ఖాతాలో పడిపోతుంది. నువ్వు ఇంటర్ చదివేటప్పుడు వచ్చిన పాట కూడా ఆ డెబ్బై శాతంలోనే ఉంది. అందులో పింక్ ఫ్లాయిడ్ లాంటి పాత రాక్ బృందాలది ఎంత, రెండేళ్ల కిందటి పాప్ ఎంత అన్నది విడదీయకుండా రాక్ గెలిచిందని చాటడం తొందరపాటు.

ఇక మీ నాన్నగారి తరఫున కూడా గట్టి సాక్ష్యం ఒకటి ఉంది, దాచను. 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎక్కువగా విద్యార్థులే ఉన్న యువతీయువకులకు పాటల ముక్కలు వినిపించి, గుర్తుపట్టగలరా అని అడిగారు. 1940 నుంచి 2015 వరకు అమెరికాలో అగ్రస్థానానికి చేరిన పాటలు అవి. 1960ల నుంచి 1990ల దాకా వచ్చినవాటిని ఆ పిల్లలు, తాము పుట్టకముందువి అయినా, స్థిరంగా గుర్తుపట్టారు. 2000 తరువాతవాటికి వచ్చేసరికి ఆ నిలకడ లేదు, ఏడాది గడిచేకొద్దీ గుర్తు జారిపోయింది. గమనించావా, ఇవి రాక్ పాటలే కావు, అన్ని రకాల హిట్లూ ఉన్నాయి. అంటే ఆ నలభై ఏళ్లలో పాటలు జనంలోకి వెళ్లిన దారిలోనే ఏదో ఉంది. రేడియోలు కొన్ని, టీవీలు కొన్ని, అందరూ అవే వినేవారు. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ల జాబితా. మీ ఇంట్లో ముగ్గురు ఉంటే మూడు పాటలు మోగుతూ ఉంటాయి, ఒకరి పాట ఇంకొకరికి వినపడదు.

దీనికి తోడు 2013లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రుమ్‌హాన్స్‌ల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇరవై ఏళ్ల వయసు పిల్లలతో చేసిన పరిశోధన నాకు చాలా ఇష్టం. ఎవరికైనా తమ యవ్వనంలో విన్న పాటలు బలంగా నాటుకుంటాయని అందరికీ తెలిసిందే. ఆమె గమనించింది ఏమిటంటే, ఆ పిల్లలకు తమ తల్లిదండ్రులు కుర్రవాళ్లుగా ఉన్న కాలపు పాటల మీద కూడా ప్రత్యేకమైన మమకారం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న పాట పిల్లవాడి చెవిలో పడి ఉండిపోతుంది. మీ నాన్నగారు గెలిచారా ఓడారా అని నన్ను అడుగుతున్నావు గానీ, ఆయన పాట నీ బ్యాండు దాకా వచ్చిందంటే ఆయన పని ఆయన చేసేశారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాక్‌కు ఉన్న నిజమైన బలం దాని నిర్మాణంలో ఉంది. 1960లలో స్టూడియోల్లో టేపు మీద ఉన్న చోటే తక్కువ. బీటిల్స్ 1967లో చేసిన 'సార్జంట్ పెప్పర్' ఆల్బం అంతా నాలుగు ట్రాకుల యంత్రాల మీద, అంటే టేపు మీద విడివిడిగా నాలుగు వరసలే పట్టేవాటి మీద, తయారైంది. 'అబ్బే రోడ్' నాటికి ఎనిమిది ట్రాకులు అందాయి. చోటు తక్కువైనప్పుడు ప్రతి వాయిద్యం తన ఉనికికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఒక గిటారు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్టు, ఒక గొంతు. నలుగురు కుర్రాళ్లు సందులోని గదిలో కూర్చుంటే పాట ఆకారం బయటికి వచ్చేస్తుంది. ఆ పైన రిఫ్ ఉండనే ఉంది. రిఫ్ అంటే పల్లవి కంటే ముందే పాటను పట్టిచ్చే నాలుగైదు స్వరాల తునక. డీప్ పర్పుల్ బృందం పాట 'స్మోక్ ఆన్ ద వాటర్' తీసుకో. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో వాళ్ల కళ్లెదుట ఒక క్యాసినో తగలబడితే దాని మీద రాసుకున్న పాట. నా దగ్గర చేరే పిల్లలకు మాంట్రూ ఎక్కడుందో తెలియదు, ఆ బృందంలో ఎవరు ఎవరో తెలియదు, మాటలు అసలే తెలియవు. ఆ రిఫ్ మాత్రం మొదటి వారంలోనే అడుగుతారు. పర్లాకిమిడి నుంచి వచ్చినవాడూ అడుగుతాడు, గుణుపురం నుంచి వచ్చినవాడూ అడుగుతాడు. ఒక్క తీగ మీద కూడా వాయించవచ్చు, తప్పుగా వాయించినా అది ఏ పాటో తెలిసిపోతుంది. ఒక పాటను చెడగొట్టినా గుర్తుపట్టగలగడం, నా దృష్టిలో, దానికి ఉన్న అతి పెద్ద యోగ్యత.

'హోటల్ కాలిఫోర్నియా' రెండో మెట్టు. ఈగల్స్ బృందం 1976లో తెచ్చిన పాట. బి మైనర్‌లో మొదలై ఎనిమిది కార్డులు (కొన్ని తీగలు కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) తిరిగి తిరిగి వస్తాయి. ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టే బారె కార్డులు రాని పిల్లలకు రెండో ఫ్రెట్ (గిటారు మెడ మీది మెట్టు) మీద క్యాపో అనే బిగింపు పెట్టి ఏ మైనర్ ఆకారంలో నేర్పుతాను, స్కేలు అదే వస్తుంది. మన గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో గిటారు చాలామందికి చర్చిలో పరిచయం అవుతుంది, ఆదివారం పాటలకు కార్డులు పట్టడం అక్కడే వస్తుంది. ఆ చేతులకు ఈ పాట తేలికగా లొంగుతుంది. ఆ ఎనిమిది కార్డులు మోగితే చాలు, ఇంగ్లీషు రానివాడు కూడా ఏదో ఒకటి కూనిరాగం తీస్తాడు. ఇంతమంది చేతుల్లో పడి నలిగిన పాటను ఎవరు చంపగలరు? (ఇక ఈ పాట నేర్పమని అడగనివాడు నా దగ్గర చేరితే వాడికి నెల ఫీజు మాఫీ చెయ్యాలని ఉంటుంది. అంత విసుగు పుట్టించారు.)

అయితే ఈ నా నమ్మకానికి అడ్డం తిరిగే పాట ఒకటి ఉంది, చెప్పకపోతే అన్యాయం. క్వీన్ బృందం 1975లో చేసిన 'బొహీమియన్ రాప్సొడీ'. అందులో నడుమ వచ్చే ఆపెరా భాగంలో గొంతు మీద గొంతు పేర్చి రికార్డు చేశారు, వేదిక మీద వాళ్లకే సాధ్యం కాలేదు. కచేరీల్లో ఆ భాగం రాగానే బృందం పక్కకు తప్పుకుని టేపు వేసేది. నలుగురు కుర్రాళ్ల గదిలో ఇది ఎలా పుడుతుంది? పుట్టదు. అయినా ఏ హాలులో మోగినా జనమే ఆ గొంతులన్నీ పంచుకుని పాడేస్తారు. చేతులు మొయ్యలేని పాటను నోళ్లు మోశాయి. దీనికి ఇంకొకరి సాయం కూడా ఉంది. 1991 నవంబరులో ఫ్రెడ్డీ మెర్క్యురీ చనిపోయాక అది బ్రిటన్‌లో మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. 1992లో ఒక హాలీవుడ్ హాస్య చిత్రంలో కారులో కుర్రాళ్లు తలలు ఊపుతూ ఈ పాట పాడే దృశ్యం పెట్టారు. 1976లో తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్న పాట, ఈసారి అమెరికాలో రెండో స్థానానికి ఎగబాకింది.

ఇది పాత పాట దానంతట అది నిలిచిన కథ అంటావా? ఎవరో మళ్లీ మళ్లీ లేపి నిలబెట్టారు. బ్రిటన్ గాయని కేట్ బుష్ 1985లో పాడిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' అప్పట్లో బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లి ఆగింది. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' ధారావాహికలో వాడితే మొదటి స్థానం దొరికింది, 37 ఏళ్ల తరువాత. దీని వెనుక వ్యాపారం కూడా చిన్నది కాదు. 2021లో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన పాటల హక్కులన్నీ సోనీకి అమ్మాడు, ధర యాభై కోట్ల డాలర్ల దాకా ఉందని పత్రికలు రాశాయి. 2024లో క్వీన్ పాటలు కూడా సోనీకే వెళ్లాయి, వంద కోట్ల పౌండ్ల బేరమని వార్త. అంత డబ్బు పోసినవాడు ఆ పాటలను మూలన పడనిస్తాడా? ప్రకటనల్లో, సినిమాల్లో, ఆటల్లో దూరుస్తూనే ఉంటాడు. మీ నాన్నగారు కాలపరీక్ష అనుకుంటున్న దానిలో కొంత భాగం వసూళ్ల ఏర్పాటు.

రాక్ అభిమానులకు మింగుడుపడని ఇంకొక సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో వాళ్లు చులకన చేసిన పాప్ కూడా అంతే గట్టిగా నిలిచింది. స్వీడన్ బృందం ఆబా పాటల సంకలనం 'ఆబా గోల్డ్' 1992లో వచ్చింది. 2021లో బ్రిటన్ జాబితాలో వెయ్యి వారాలు పూర్తి చేసుకున్న మొదటి ఆల్బం అదే. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 నుంచి 1988 లోపు బిల్‌బోర్డ్ జాబితాలో 741 వారాలు ఉందని మీ నాన్నగారు చెబితే ఈ వెయ్యి మాట గుర్తు చెయ్యి, నవ్వుతూనే. ఇక బోనీ ఎమ్ అనే డిస్కో బృందం సంగతి మన ఊళ్లలో పాత మైక్ సెట్ల వాళ్లను అడుగు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని వీధుల్లో కూడా ఆ డిస్కో క్యాసెట్టు మోగింది.

కొత్తవాటి వైపు చూస్తే, అన్నీ ఆరు నెలల సరుకు కాదు. ది కిల్లర్స్ బృందం 'మిస్టర్ బ్రైట్‌సైడ్' 2003లో పుట్టింది. బ్రిటన్‌లో పదో స్థానం దాటి ఎప్పుడూ పైకి పోలేదు గానీ మొదటి వంద పాటల్లో ఇప్పటికి 400 వారాలకు పైగా ఉంది. పెళ్లిళ్లలో, ఆటల మైదానాల్లో జనం గొంతు కలిపి పాడుకునే పాట అది. ద వీకెండ్ అనే గాయకుడి 'బ్లైండింగ్ లైట్స్' 2019 చివర్లో వచ్చి అమెరికా హాట్ 100 పాటల జాబితాలో 90 వారాలు కూర్చుంది. దాని మోతలో 1980ల సింథసైజర్ వాసన నీకూ తగిలే ఉంటుంది. ఇరవై ఏళ్ల తరువాత ఇది ఎవరి నోట ఉంటుందో నేను పందెం కాయను. కాయమంటే మాత్రం, ఉంటుందనే వైపు కాస్తాను.

కొత్త పాటలకు ఉన్న కష్టం వేరు. స్పాటిఫైలో శ్రోత ముప్పై సెకన్లు వింటేనే అది ఒక వినికిడి కింద లెక్క. అందుకని పాట కట్టేవాడికి తొందర. ముందు సంగీతం కత్తిరించి, పల్లవిని లాక్కొచ్చి గుమ్మంలో నిలబెడతాడు. పాట సగం కంప్యూటర్‌లో పేర్చిన మోతల మీద నిలబడి ఉంటుంది. ఆ మోత తీసేసి ఒక గిటారు ఇచ్చి పాడమంటే కొన్నిటిలో ఏమీ మిగలదు. వేదిక మీద ముందే రికార్డు చేసిన సంగీతం, అంటే ట్రాక్, పెట్టుకుని పాడటం తప్ప దారి ఉండదు. ట్రాక్ మీద పాడేవాడు పాటను మొయ్యడు, పాటే వాడిని మోస్తుంది. ఆ ట్రాక్ పోయిన రోజున ఇద్దరూ కింద పడతారు.

దుకాణం రోజుల్లో నాకు ఇది ఇంకొక రూపంలో కనపడింది. సి-90 ఖాళీ క్యాసెట్టు తెచ్చేవాడు కాగితం మీద పాటల జాబితా రాసుకుని వచ్చేవాడు. ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలే కదా, ఏది ఉంచాలి ఏది తీసెయ్యాలి అని బల్ల దగ్గర నిలబడి కొట్టుకునేవాడు. బెంగాలు నుంచి మద్రాసు వెళ్లే రైలుదారి మీద ఉన్న ఊరు మాది. కలకత్తా వెళ్లినవాళ్లు ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు కొని తెచ్చేవారు, వాటి నుంచి క్యాసెట్లకు ఎక్కించేవాళ్లం. అన్నట్టు, బీటిల్స్ తొలి పాటలను కలకత్తా పక్కన డమ్‌డమ్ కర్మాగారంలో 78 వేగం రికార్డులుగా కూడా అచ్చువేశారు, 1960ల మధ్య దాకా. కరెంటు లేని ఇళ్లలో తాళం తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఉండేవి మరి. తరువాత మెమరీ కార్డులు వచ్చాయి. "కొత్తవి ఒక రెండొందలు ఎక్కించండి" అనేవారు, పేర్లు లేవు, జాబితా లేదు. నెల తిరక్కుండా వచ్చి, "ఇవి తీసేసి వేరేవి ఎక్కించండి" అనేవారు. పాటలు చెడ్డవై కాదు, ఎంచుకునే బాధ పడలేదు కాబట్టి పోగొట్టుకునే బాధా లేదు.

ఇంత చెప్పాక, మన నేల మీద నిలబడి ఒక మాట అనుకోవాలి. ఇంగ్లీషు రాక్ మన జిల్లాల్లో నిలిచిందా? గిటారు పట్టినవాళ్లలో నిలిచింది. గిటారు పట్టనివాళ్లలో, నిజం చెప్పాలంటే, ఎన్నడూ లేదు. రెండేళ్లకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరుగుతుంది కదా, ఆ రోజుల్లో వీధి వీధినా పాటలే. అక్కడ ఏ తరం పాటలు మోగుతాయో నిలబడి విను. 'రంగబతి' మోగుతుంది. 1970ల మధ్యలో సంబల్‌పూర్ ఆకాశవాణిలో పుట్టిన పాట. జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 2015లో కోక్ స్టూడియో అనే టీవీ కార్యక్రమం దాన్ని కొత్త వేషంలో దేశమంతటికీ వినిపించింది. ఈ మధ్యలో గడిచిన నలభై ఏళ్లూ దాన్ని బతికించింది పెళ్లి బ్యాండులు. క్లారినెట్టూ ట్రంపెట్టూ ఉన్న ప్రతివాడూ వాయించాడు. సంబల్‌పురి మాటలు తెలియని తెలుగు పెళ్లిలో కూడా ఊరేగింపు మలుపు తిరిగేసరికి ఆ పాట అందుకునేవారు.

తెలుగు వైపు చూస్తే సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కితే మన కొరాపుట్టే. ఆ సాలూరు ప్రాంతం వాడే సాలూరి రాజేశ్వరరావు. 1951లో 'మల్లీశ్వరి'కి ఆయన కట్టిన వరసలు జయపురంలో, రాయగడలో తెలుగు ఇళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ పాడుకుంటారు. ఇళయరాజా పాటలు వేదిక మీద అడగని రాత్రి నాకు గుర్తు లేదు. ఆయన పాటల్లో బేస్ గిటారు విను. పాట కింద ఇంకొక పాట నడుస్తూ ఉంటుంది. నాలాంటివాళ్లు రాక్ విని నేర్చుకున్న బేస్ విద్యను వాయించుకునే చోటు దొరికింది అక్కడే. మన దగ్గర రాక్ తన పేరుతో కాకుండా ఇలా సినిమా పాట లోపలికి వెళ్లి బతికింది. కలకత్తాలోనూ అంతే. 1970లలో మొహీనేర్ ఘోరాగులి అనే బెంగాలీ రాక్ బృందాన్ని ఆనాడు పట్టించుకున్నవాళ్లు కొద్దిమంది. 1990లలో కుర్రకారు వాళ్లను తవ్వి తీశారు. వాళ్ల పాట ఒకటి 2006లో 'గ్యాంగ్‌స్టర్' హిందీ చిత్రంలో కొత్త మాటలతో వచ్చి దేశమంతా తిరిగింది. షిల్లాంగ్‌లో లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తున్నాడు. ఒక్క మనిషి మొండితనం మీద అక్కడ డిలన్ పాట తరాలు దాటింది.

కాబట్టి నాన్నగారితో వాదనలో ఒక పని చెయ్యి. ఆయనకు ఇష్టమైన ఏడాది ఒకటి చెప్పమను. ఆ ఏడాది అమెరికాలో మొదటి వంద పాటల జాబితా తెరిచి, వరసగా పేర్లు చదువు. ఎన్నిటికి ఆయన పల్లవి ఎత్తగలరో చూడు. ఆ తరువాత పదేళ్ల కిందటి జాబితా తీసి నువ్వు అదే పరీక్షకు కూర్చో. ఇద్దరూ నవ్వుకుంటారు.

ఇక మీ అరగంట. ఏది వాయించాలన్నది సాధనలో తేల్చుకోండి. పాత పాట గానీ కొత్త పాట గానీ, ముందు ఒక్క గిటారు మీద, ట్రాక్ లేకుండా, ఒక గొంతుతో పాడి చూడండి. మొదటి చరణం దాకా నిలబడితే ఉంచండి. మోత కోసం వెతుక్కోవలసి వస్తే తీసెయ్యండి, అది ఎంత పెద్ద హిట్టయినా సరే. అరగంట అంటే చేతిలో ఉండేది ఇరవై రెండు నిమిషాలు అనుకోండి. వైర్లు తగిలించడానికి, శ్రుతి చేసుకోవడానికి, ఎవరో పూలగుత్తి ఇవ్వడానికి మిగతాది పోతుంది. అయిదు పాటలు చాలు.

మొదటిది రిఫ్ ఉన్న పాత రాక్ పాట, మాటలు తక్కువ ఉన్నది. సౌండ్ సరిచేసేవాడికి మీ స్థాయి పట్టుకోవడానికి మొదటి పాట మీదే సమయం దొరుకుతుంది, గొంతును అప్పుడే పణంగా పెట్టకండి. రెండోది ఇళయరాజా. హాలులో తెలుగువాళ్లు తక్కువ ఉన్నా భయం లేదు, బేస్ బాగుంటే ఒడియా పిల్లలూ ఊగుతారు. మూడోది నీ తరం పాట, ఏదైనా, పైన చెప్పిన పరీక్షలో నెగ్గినది. నాలుగోది 'రంగబతి', డిస్టార్షన్ గిటారు (మోతను గరుకుగా మార్చే ఏర్పాటు ఉన్నది) మీద. దీన్ని చివరికి దాచుకోవాలనిపిస్తుంది, దాచుకోవద్దు. ఆ పాటకు జనం లేచి ముందుకు వస్తే నిర్వాహకులు కంగారుపడి మిమ్మల్ని ఆపేసే ప్రమాదం ఉంది, అదే ఆఖరి పాట అయిపోతుంది. ఎక్కడ ఆగినా నష్టం లేని చోట దాన్ని పెట్టుకోవాలి.

అయిదోది 'హోటల్ కాలిఫోర్నియా' వాయిస్తామని నువ్వు రాయకపోయినా నాకు తెలుసు, వాయించండి. ఒక్కటే జాగ్రత్త. చివరి లీడ్, అంటే పాట ముగింపులో వచ్చే గిటారు భాగం, ఇద్దరు గిటారిస్టుల కోసం కట్టినది, డాన్ ఫెల్డర్, జో వాల్ష్ పంచుకుని వాయించారు. మీ నలుగురిలో గిటారు ఒక్కరే అయితే రెండో వరస కీబోర్డుకు ఇవ్వండి. కీబోర్డు అబ్బాయిని ఆ భాగం మీద ఈ వారమే కూర్చోబెట్టు, చివరి రోజుల్లో అది రాదు.